కామిక్ సిరీస్ సగంలో ఆగిపోకుండా చదవడం ఎలా: ఎంపిక నుంచి నలుగురితో పంచుకునే దాకా

ఏ సిరీస్‌తో మొదలుపెట్టాలి, ఏ వరుసలో చదవాలి, ఐదారు వాల్యూమ్‌లు కొన్నాక మధ్యలో ఒకటి దొరక్కపోతే ఏం చేయాలి? కామిక్స్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట వివరంగా రాస్తున్నాను.

సిరీస్ సగంలో ఆగిపోయిందంటే చాలామంది "నాకే ఆసక్తి తగ్గింది" అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం అది కాదు. ఎడిషన్ చూసుకోకుండా కొనడం, వరుస తెలియకపోవడం, తర్వాతి భాగం సమయానికి చేతికి అందకపోవడం. ఈ మూడింటినీ మొదటి పుస్తకం కొనకముందే ఓ అరగంట కూర్చుని తేల్చుకోవచ్చు.

## 1. ముందు పొడవు చూసుకోండి, తర్వాతే కథ

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పూర్తయిపోయిన సిరీస్‌నే ఎంచుకోవాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఇంకా నడుస్తున్న సిరీస్‌లో ముగింపు ఎప్పుడొస్తుందో తెలియదు, ఖర్చు ఎంతవుతుందో తెలియదు.

పొడవును బట్టి ఇలా అనుకోవచ్చు:

- ఒక్క పూటలో అయిపోయేవి: అమర్ చిత్ర కథ మామూలు పుస్తకం 32 పేజీలు. బెల్జియం కామిక్ టింటిన్ కథలు చాలావరకు 62 పేజీలు.
- రెండు నెలల్లో తీరిగ్గా అయ్యేవి: డెత్ నోట్ 12 వాల్యూమ్‌లు.
- మూడు నాలుగు నెలల పని: డీమన్ స్లేయర్ 23, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ 27.
- ఏళ్ల తరబడి సాగేవి: వన్ పీస్ 1997లో మొదలైంది. 100 వాల్యూమ్‌లు దాటినా ఇంకా నడుస్తోంది. ఎంత మంచి సిరీస్ అయినా మొదటిసారి చదివేవాళ్లు దీంతో మొదలుపెట్టకండి.

పిల్లల కోసం కొంటుంటే వెనక అట్ట తిప్పి వయసు గుర్తు చూడండి. జపాన్ కామిక్స్‌ను మాంగా అంటారు. వాటిని ఇంగ్లిష్‌లో విజ్ మీడియా వేస్తుంది, ఆ పుస్తకాల మీద 'ఏ' అని ఉంటే అన్ని వయసులవాళ్లకీ అని అర్థం. మన సినిమా సర్టిఫికెట్‌లో 'ఏ' అంటే పెద్దలకు మాత్రమే కాబట్టి ఇక్కడ చాలామంది తికమక పడతారు. 'టి' అంటే టీనేజర్లకు, 'టి ప్లస్' అంటే టీనేజీలో కాస్త పెద్దవాళ్లకు, 'ఎమ్' అంటే పెద్దవాళ్లకు. బొమ్మల పుస్తకమే కదా అని మూడో తరగతి పిల్లాడి చేతిలో డెత్ నోట్ పెట్టకండి.

నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక్క వాల్యూమ్ చాలు. జపాన్ ప్రచురణ సంస్థ షుయేషావారి మాంగా ప్లస్ యాప్‌లో చాలా సిరీస్‌ల మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితంగానే ఉంటాయి. టింటిన్ లాగా పెద్ద సైజు పుస్తకంగా (ఆల్బమ్) వచ్చే వాటికి ఒకటి అరువు తెచ్చుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఊరి లైబ్రరీ కార్డు ఉంటే చాలు, లిబ్బీ లాంటి యాప్‌లలో బోలెడు కామిక్స్ దొరుకుతాయి. బాక్స్ సెట్ డిస్కౌంట్‌లో వచ్చిందని పేజీ కూడా చదవకుండా కొనేయడం ఈ అభిరుచిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

## 2. ఒకే ఎడిషన్ పట్టుకోండి

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఒకే కథ రెండు మూడు రూపాల్లో మార్కెట్లో ఉంటుంది. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ మామూలు ఎడిషన్‌లో 27 వాల్యూమ్‌లు. గట్టి అట్టతో వచ్చే ఫుల్‌మెటల్ ఎడిషన్‌లో అదే కథ 18 వాల్యూమ్‌లు. మామూలు ఎడిషన్ ఐదో వాల్యూమ్ చదివి, గట్టి అట్టది ఆరో వాల్యూమ్ కొన్నారంటే మధ్యలో కథ ఎగిరిపోతుంది. డెత్ నోట్ కూడా అంతే. 12 వాల్యూమ్‌ల కథే బ్లాక్ ఎడిషన్‌లో 6 పుస్తకాలుగా వస్తుంది.

'త్రీ ఇన్ వన్' అని వచ్చేవి చూడండి. వాటిలో రెండో పుస్తకం అంటే అసలు లెక్కలో 4, 5, 6 వాల్యూమ్‌లు. పుస్తకం వీపు మీద పెద్దంకె ఒకటి, దాని కింద చిన్నంకెలు వేరే ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ చిన్నంకెలు కనిపించేదాకా ఫొటో పెద్దది చేసి చూడండి.

అనువాదాలు కూడా కలపకండి. ఫ్రెంచ్ కామిక్ ఆస్టెరిక్స్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్‌ల అనువాదంలో మందులు కాచే పెద్దాయన పేరు గెటాఫిక్స్. పేపర్‌కట్జ్ వేసిన అమెరికన్ ఎడిషన్‌లో ఆయనే పానొరామిక్స్. రెండూ కలిపి చదివిన పిల్లలు వీళ్లు ఇద్దరనుకుంటారు. నా మటుకు బెల్, హాక్‌రిడ్జ్‌ల అనువాదమే చదవమంటాను. ఆ మాటల ఆట మరొకరికి రాలేదు.

టింటిన్‌లో పెద్ద సైజు ఆల్బమ్‌లూ ఉన్నాయి, మూడు కథలు ఒకే బైండులో ఉండే చిన్న సైజువీ ఉన్నాయి. చిన్నవాటికి చోటు తక్కువ పడుతుంది కానీ అక్షరాలు బాగా చిన్నవైపోతాయి. నలభై దాటిన కళ్లకు పెద్ద సైజే మేలు.

కొనేముందు చెక్‌లిస్ట్:

- మొత్తం ఎన్ని వాల్యూమ్‌లు, ఏ ఎడిషన్ లెక్కన?
- మొదటిది, నడిమిది, చివరిది మూడూ ఇప్పుడు దొరుకుతున్నాయా? ఈ మూడూ ఉంటే సాధారణంగా మిగతావీ ఉంటాయి. నడిమిది లేకపోతే ఆ ఎడిషన్ జోలికి వెళ్లకండి.
- ప్రచురణకర్త, సైజు, అట్ట రకం ఫోన్‌లో రాసుకున్నారా?
- ప్రతి వాల్యూమ్‌కూ ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) వేరు. మీకు కావలసినదాని అంకె రాసుకున్నారా? షాపులో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా దాంతో పొరపాటు జరగదు.

## 3. వరుస: అన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు

మాంగా సులువు. ఒకటి నుంచి చివరిదాకా, అంతే.

టింటిన్ కథలు విడివిడిగా చదవొచ్చు కానీ నాలుగు జంటల్ని మాత్రం విడదీయకండి. 'సిగార్స్ ఆఫ్ ద ఫారో' తర్వాత 'ద బ్లూ లోటస్'. 'ద సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్' తర్వాత 'రెడ్ రాక్‌హామ్స్ ట్రెజర్'. 'ద సెవెన్ క్రిస్టల్ బాల్స్' తర్వాత 'ప్రిజనర్స్ ఆఫ్ ద సన్'. 'డెస్టినేషన్ మూన్' తర్వాత 'ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ద మూన్'. ఎక్కడ మొదలుపెట్టాలంటే 'ద క్రాబ్ విత్ ద గోల్డెన్ క్లాస్' అంటాను. టింటిన్ స్నేహితుడు కెప్టెన్ హాడక్ తొలిసారి కనిపించేది అందులోనే. అచ్చైన క్రమంలో మొట్టమొదటి పుస్తకంతో మొదలుపెడితే టింటిన్ సృష్టికర్త హెర్జే ఇంకా చేయి తిరగని రోజుల పని చదివి, ఇంతేనా అని వదిలేసే ప్రమాదం ఉంది.

ఆస్టెరిక్స్కు వరుస పట్టింపు లేదు. కాకపోతే తొలి రచయిత గొసినీ రాసిన మొదటి 24 ఆల్బమ్‌లలోంచే ముందు చదవండి. ఆయన 1977లో పోయారు. తర్వాతివి ఆ స్థాయిలో లేవన్నది నా అభిప్రాయం.

అమర్ చిత్ర కథ పుస్తకాల మీది నంబర్లను వరుస అనుకోనక్కర్లేదు. దేనికది పూర్తి కథ. మహాభారతం ఒక్కటే వేరు. అది 42 భాగాలుగా వచ్చింది, ఇప్పుడు మూడు పెద్ద సంపుటాలుగా దొరుకుతుంది. విడి భాగాల కోసం తిరగకుండా సంపుటాలే తీసుకోండి.

అమెరికన్ సూపర్ హీరోలు అసలు చిక్కు. ఒకే హీరో పేరుతో పత్రిక ఆపడం, మళ్లీ ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టడం అక్కడ మామూలు. 'నంబర్ 1' అని కనిపించగానే కథ అక్కడే మొదలవుతుందనుకోకండి.

ఇక్కడ పనికొచ్చే పద్ధతి ఒకటే. హీరో వెంట పడకండి, రచయిత వెంట వెళ్లండి. ఒక రచయిత మొదటి నుంచి చివరిదాకా రాసిన భాగాన్ని పట్టుకోండి. 'బ్యాట్‌మన్: ఇయర్ వన్' అలాంటిదే. 1987లో 'బ్యాట్‌మన్' పత్రికలో నాలుగు సంచికల్లో, 404 నుంచి 407 వరకు వచ్చింది. ఇప్పుడు ఒకే పుస్తకంగా దొరుకుతుంది. ముందు ఏమీ చదవకపోయినా అర్థమవుతుంది. 'వాచ్‌మెన్' 12 సంచికలు, అదీ ఒకే పుస్తకం.

అక్కడి నెలవారీ సంచికలో కథ సుమారు 20 పేజీలే ఉంటుంది. ఐదారు సంచికలు కలిపి వేసే పేపర్‌బ్యాక్‌లు కొంటే డబ్బూ కలిసొస్తుంది, టెన్షనూ ఉండదు.

## 4. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఏం చూడాలి

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, మామూలు రోజుల్లో కోఠి, విజయవాడలో లెనిన్ సెంటర్. పాత కామిక్స్‌కి ఇవి మంచి చోట్లు. ఇంద్రజాల్ కామిక్స్ లాంటివి (1964లో మొదలై 1990లో ఆగిపోయాయి) దొరికితే ఇలాంటి చోటే దొరకాలి. పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికి మంచివన్నీ ఏరుకుపోతారు.

పుస్తకం చేతికి రాగానే అట్ట చూసి మురిసిపోకుండా నేరుగా మధ్య పేజీకి వెళ్లండి. అక్కడ రెండు పిన్నులు కనిపిస్తాయి. తుప్పు పట్టి, చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి ఉంటే ఆ పేజీలు త్వరలోనే ఊడిపోతాయి. పిన్ను ఒకటే ఉంటే మధ్యలోని జంట పేజీ పోయి ఉండొచ్చు. మొదటి పేజీ నుంచి లెక్కపెట్టండి. పజిల్స్, కత్తిరించి అతికించుకునే బొమ్మలు ఉన్న పేజీలకు కత్తెర పడి ఉంటుంది, వాటి వెనక వైపు కథ కూడా పోయి ఉంటుంది. తర్వాత పేజీల మధ్య వాసన చూడండి. పాత కాగితం వాసన ఉంటే పర్లేదు. ముక్కిపోయిన వాసన వస్తే బూజు ఉన్నట్టే. అది ఇంట్లో ఉన్న మిగతా పుస్తకాలకూ పాకుతుంది.

కొత్త మాంగా ఫుట్‌పాత్ మీద మరీ చవగ్గా దొరుకుతోందంటే దొంగ ప్రింటే. బొమ్మల్లోని బూడిదరంగు నీడలు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి, నల్లరంగు అలుక్కుపోయి ఉంటుంది, లోపలి అంచు దగ్గర మాటలు బైండులోకి వెళ్లిపోతాయి. గీసినవాళ్లకు రూపాయి కూడా చేరని పుస్తకం కొనకండి. డబ్బు చాలకపోతే అరువు తెచ్చుకుని చదవడం ఎంతో నయం.

## 5. పేజీ చదివే పద్ధతి

మనలో చాలామందికి బొమ్మలతో తొలి పరిచయం చందమామ. అందులో కథంతా అక్షరాల్లో ఉంటుంది, బొమ్మ ఆ కథకు అందం. బొమ్మ చూడకపోయినా కథ తెలుస్తుంది. ఆ అలవాటుతోనే కామిక్ పట్టుకుంటే కళ్లు మాటల బుడగ నుంచి బుడగకు దూకుతాయి. 62 పేజీలు ఇరవై నిమిషాల్లో అయిపోతాయి, "ఇందులో ఏముంది" అనిపిస్తుంది. కామిక్‌లో సగం కథ బొమ్మే చెబుతుంది.

ఈ క్రమం పాటించి చూడండి:

1. పేజీ తిప్పగానే చదవకుండా ఒక్క క్షణం మొత్తం పేజీ చూడండి. ఏ ప్యానెల్ (బొమ్మ గడి) పెద్దది, ఏది చిన్నది?
2. తర్వాత ఒక్కో ప్యానెల్. ముందు ముఖం, చేతులు. ఆపైన మాటలు.
3. రెండు ప్యానెల్‌ల మధ్య ఖాళీలో ఏం జరిగిందో గమనించండి. తలుపు దగ్గర చేయి, తర్వాతి ప్యానెల్‌లో ఖాళీ గది. మనిషి వెళ్లిపోయాడని ఎవరూ చెప్పరు, మీరే పూరించుకోవాలి.
4. మాటల్లేని పేజీ వస్తే వేగం తగ్గించండి. అందరూ పరిగెత్తేది అక్కడే.

మాంగా అయితే పుస్తకం కుడి నుంచి ఎడమకు. మనం వెనక అట్ట అనుకునేదే దానికి ముందు అట్ట. పేజీలో పై వరుస కుడి మూల ప్యానెల్‌తో మొదలుపెట్టి ఎడమకు వెళ్లాలి, తర్వాత కింది వరుస. ప్యానెల్ లోపలి బుడగలు కూడా కుడి నుంచే. కానీ బుడగ లోపలి ఇంగ్లిష్ వాక్యం మాత్రం మామూలుగా ఎడమ నుంచి. మొదటి పుస్తకంలో సగం దాకా తడబాటు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. సమాధానం ముందొచ్చి ప్రశ్న తర్వాత వస్తోందంటే వరుస తప్పిందని గుర్తు.

ఫోన్‌లో చదివేవాళ్లు ప్యానెల్ తర్వాత ప్యానెల్ చూపించే ఏర్పాటును మొదటిసారి వాడకండి. పేజీ కూర్పు కనిపించదు. పడక్కుర్చీలో ఫోన్ కంటే పది అంగుళాల ట్యాబ్ చాలా నయం.

## 6. వేగం, గుర్తు పెట్టుకోవడం

ఒక్క రాత్రిలో ఐదు వాల్యూమ్‌లు మింగేస్తే ఆరోదానికి పాత్రల పేర్లు కలిసిపోతాయి. వారానికి రెండు వాల్యూమ్‌లు మంచి వేగం. వాల్యూమ్ పూర్తవగానే మూడు ముక్కలు రాసుకోండి: కొత్తగా వచ్చిన పాత్ర ఎవరు, కథ ఎక్కడ ఆగింది, ఏ పేజీ దగ్గర ఆగి చూశారు. రెండు నెలల విరామం తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివే బాధ తప్పుతుంది.

ఒకేసారి పొడవాటి సిరీస్‌లు రెండు పెట్టుకోకండి. ఒక పొడవుది, మధ్యమధ్యలో టింకిల్ పత్రికలోని సుప్పండి, శికారి శంభు కథల్లాంటి చిన్నవి ఉంటే సరిపోతుంది.

## 7. నలుగురు కలిసి చదవడం

సగంలో ఆగకుండా ఉండటానికి ఇంతకు మించిన మందు లేదు. తర్వాతి వాల్యూమ్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటే మీరూ చదివేస్తారు. నలుగురైదుగురు చాలు. పదిమందైతే పుస్తకం తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది.

1. సిరీస్‌కు ఒక యజమాని ఉండాలి. తలా రెండు వాల్యూమ్‌లు కొని ఒకే సెట్ చేద్దామనుకుంటే, ఒకరు ఉద్యోగం మారి పుణె వెళ్లగానే సెట్ చీలిపోతుంది. మీరు ఒక సిరీస్, మీ స్నేహితుడు ఇంకో సిరీస్ కొని మార్చుకోండి.
2. ఇచ్చేముందు పుస్తకం ముందు అట్ట, వెనక అట్ట ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టండి. తేదీ దానంతటదే ఉంటుంది. తర్వాత "ఇది ముందే చిరిగింది" అనే గొడవ రాదు.
3. ఒకసారికి రెండు వాల్యూమ్‌లే ఇవ్వండి. అవి తిరిగొస్తేనే తర్వాతివి.
4. వాట్సాప్‌లో కథ గురించి రాసేటప్పుడు ముందు వాల్యూమ్ నంబర్, తర్వాత నాలుగైదు ఖాళీ లైన్లు, ఆ తర్వాతే విషయం. అలా రాస్తే నోటిఫికేషన్‌లో ముగింపు బయటపడదు.
5. కలిసినప్పుడు "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అని ఊరుకుంటారు. ఒక్కొక్కరూ తమకు నచ్చిన పేజీ తెరిచి, అందులో ఏ ప్యానెల్ దగ్గర ఆగారో చూపించాలి. మాట దానంతటదే సాగుతుంది.

మీకు నచ్చినదాన్ని ఇంకొకరికి చెప్పేటప్పుడు ముందు వాళ్లు ఏం చదువుతారో అడగండి. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లకు డెత్ నోట్ పట్టుకుంటుంది. చరిత్ర చదివేవాళ్లకు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకున్న, నాజీల కాలపు యూదుల కథ 'మౌస్' ఇవ్వండి. చిన్నప్పుడు బుజ్జాయిగారి డుంబు చదివి పెరిగిన అమ్మానాన్నలకు ఆస్టెరిక్స్ బాగా నచ్చుతుంది.

## 8. దాచడం

విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో తేమ పెద్ద శత్రువు. డాబా మీది గదిలో పెట్టేవాళ్లకు వేసవి వేడి శత్రువు.

- పుస్తకాలు నిలబెట్టి పెట్టండి. మరీ బిగించకండి, వేలు దూరేంత వదులు ఉండాలి. పిన్నుల పుస్తకాలు వంగిపోతుంటే వెనక అట్టముక్క పెట్టి ప్లాస్టిక్ కవర్‌లో ఉంచండి.
- బీరువాను గోడకు ఆనించకండి. వానాకాలంలో చెమ్మ గోడ నుంచే వస్తుంది, చెదలూ అక్కడి నుంచే.
- సిలికా జెల్ పొట్లాలు అరకొకటి పెట్టి అప్పుడప్పుడూ మార్చండి.
- కలరా ఉండలు పేజీల మధ్య పెట్టకండి. వేపాకు పెడితే పూర్తిగా ఎండినదే పెట్టండి, పచ్చిది మరక చేస్తుంది.
- చిరిగితే మామూలు సెల్లోటేప్ వేయకండి. కొన్నేళ్లకు పసుపెక్కి, జిగురు కాగితంలోకి దిగుతుంది.
- రెండు నెలలకోసారి అన్నీ తీసి దులిపి, నీడలో గాలి ఆడనివ్వండి. ఎండలో పెడితే రంగులు వెలిసిపోతాయి.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు

పుస్తకం తడిసింది. నునుపు కాగితం అయితే ఆరిపోకముందే పేజీలు మెల్లగా విడదీయాలి. ఆరితే అతుక్కుపోతాయి, మళ్లీ రావు. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద ఉంచి, కాగితాలు తడవగానే మార్చండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. అప్పటికప్పుడు చేసే తీరిక లేకపోతే జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు పట్టకుండా ఆగుతుంది, ఆరబెట్టడం తర్వాత చూసుకోవచ్చు.

కథ మధ్యలో విసుగొచ్చింది. ఒక వారం ఆపి ఇంకో రెండు అధ్యాయాలు చదవండి. అప్పుడూ అలాగే ఉంటే వదిలేయండి. చదవాల్సినవి చాలా ఉన్నాయి, బలవంతంగా ముగించాల్సిన పని లేదు.

మధ్య వాల్యూమ్ దొరకట్లేదు. దాన్ని దాటేసి తర్వాతిది చదవకండి. ఆ ఒక్కదాన్నీ డిజిటల్‌లో కొని చదివేయండి, కథ ఆగదు. కాగితం పుస్తకం కోసం ఐఎస్‌బీఎన్ ఇచ్చి మీ ఊరి పుస్తకాల షాపులో ఆర్డర్ రాయించండి. డిసెంబర్ ప్రాంతంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ చూడండి. ఆత్రపడి వేరే ఎడిషన్ వాల్యూమ్ ఒకటి కొని అరలో ఇరికించకండి. అదే నంబర్ మీ ఎడిషన్‌లో మళ్లీ అచ్చయ్యాక రెండోసారి డబ్బు పెట్టాల్సి వస్తుంది.